తెల్లెలుక కంట్లో ఎర్ర దారులు

కడప జిల్లా కలమల్ల పేరు వినగానే చదువుకున్నవాళ్లకు చెన్నకేశవాలయంలో దొరికిన రేనాటి చోళుల శాసనం గుర్తొస్తుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకైతే ముందు గుర్తొచ్చేది ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలే. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరుకు 2008లో పశువైద్య కళాశాల వచ్చింది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, పులివెందుల వైపు గొర్రెల మందలకు కొదవ లేదు. మేత మానేసి నీరసించిన గొర్రెను తెచ్చి నిలబెడితే పశువుల డాక్టరు మొదట చేసే పనుల్లో ఒకటి, బొటనవేలితో దాని కింది రెప్పను లాగి లోపలి రంగు చూడటం. ఎర్రగా ఉంటే ఒక లెక్క, పాలిపోయి ఉంటే ఇంకో లెక్క. పాలిపోతే కడుపులో చేరి నెత్తురు తాగే హీమాంకస్ పురుగును అనుమానించాల్సిందే. దక్షిణాఫ్రికా పశువైద్యులు ఆ రెప్ప రంగునే ఐదు మెట్లుగా అట్టమీద అచ్చువేసి, ఫమాచా అని పేరుపెట్టి 1990లలో రైతుల చేతికిచ్చారు.

రెప్ప లోపలి పొర పలచన కాబట్టి ఆ కిటుకు పనిచేస్తుంది. చర్మం కోయకుండా, సూది గుచ్చకుండా ఒంట్లో పారే నెత్తురును చూడగలిగే చోట్లు జీవికి ఎన్నో ఉండవు. ఆ కొద్దిచోట్లలో కన్ను ఒకటి. ప్రయోగశాలలు కంటిని పట్టుకుని వదలకపోవడానికి కారణం అదే. నూరేళ్లకు పైగా అవి కంటి పైపొరను చూశాయి, కంటి వెనక చెయ్యి పెట్టాయి, కంటి అడుక్కి దిగాయి. ఈ కథలో తెలుగునాట ఎక్కువగా వినిపించే పేరు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, జనం నోట్లో ఎన్ఐఎన్.

ఆ సంస్థ పుట్టింది మాత్రం హైదరాబాద్‌లో కాదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గది తీసుకుని బెరిబెరి జబ్బు మీద విచారణ మొదలుపెట్టాడు. పదేళ్లు తిరిగేసరికి అది న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1920లలో అక్కడికి విస్టార్ జాతి తెల్లెలుకలు వచ్చాయి. వాటి సంతతిని తరం తర్వాత తరం బయటి రక్తం కలవకుండా పెంచుకుంటూ వచ్చారు. సంస్థ 1950ల చివర్లో హైదరాబాద్‌కు తరలినప్పుడు ఎలుకలూ తరలాయి. నేడు ప్రపంచ పరిశోధన పత్రాల్లో డబ్ల్యూనిన్ అనే పేరుతో కనిపించేది ఆ సంతతే.

తెల్లెలుక కళ్లు ఎర్రగా ఉంటాయని చిన్నపిల్లలకూ తెలుసు. నిజానికి ఆ కంట్లో ఎర్ర రంగంటూ ఏదీ లేదు. మామూలు ఎలుక కంట్లో ఉండే నల్ల రంగు పదార్థం దీనికి లేదు కాబట్టి, లోపలి పొరల్లో పారే నెత్తురు తెర లేకుండా బయటికి కనిపిస్తుంది. చూసేవాడు చూస్తున్నది నేరుగా రక్తనాళాల్నే.

మెక్‌కారిసన్ ఎలుకలకు దేశంలోని రకరకాల భోజనాలు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, వెన్న, పాలు, పప్పు, పచ్చి కూరగాయలు ఉన్న సిక్కుల భోజనం తిన్నవి ఏపుగా పెరిగాయి. మరపట్టిన బియ్యం అన్నం, కాస్త పప్పు, కూర, కాఫీతో సరిపెట్టిన మదరాసీ భోజనం తిన్నవి అట్టడుగున నిలిచాయి. కడప జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే. కాకపోతే ఆ పళ్లెం వరి పండే డెల్టాలది. సంగటి ముద్ద, జొన్నరొట్టె, కొర్రన్నం తిని పెరిగిన రేనాటి మనిషిని కూడా ఆ మదరాసీ గీత కిందికే తోసెయ్యడం న్యాయమైన లెక్క కాదు. ఆ మాట ఎలుకలు చెప్పలేదు, ఆ పళ్లేనికి తగిలించిన పేరు చెప్పింది.

తిండి లోపం మొదట బయటపడే చోట్లలో కన్ను ఒకటని దక్షిణ భారత వైద్యులకు అప్పటికే అనుభవం. మద్రాసు ఎగ్మూరు కంటి ఆసుపత్రిని నడిపిన ఆర్.ఇ. రైట్ దగ్గరికి విటమిన్ ఏ లేక నల్లగుడ్డు మీది పొర మెత్తబడి, కరిగిపోయి చూపు పోయిన పసిపిల్లలు వచ్చేవాళ్లు. 1935లో కూనూరు బాధ్యత తీసుకున్న డబ్ల్యూ.ఆర్. ఎక్రాయిడ్ రైట్‌తో కలిసి ఎర్ర పామాయిల్‌తో ఆ పిల్లలకు చికిత్స చేసి చూశాడు. 1970లో దేశమంతటా మొదలైన, ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ ద్రవం పట్టే కార్యక్రమానికి ఎన్ఐఎన్ పరిశోధనే పునాది. అంగన్‌వాడీలో చెంచాతో పోసే ఆ పచ్చటి నూనె అదే.

రక్తనాళాల కథ మలుపు తిరిగింది మాత్రం ఇంకో విటమిన్ దగ్గర. కంటి ముందుభాగంలో, నల్లగుడ్డు మీద అద్దంలా పరుచుకున్న కార్నియాకు ఒక విశేషం ఉంది: ఆరోగ్యంగా ఉన్నంతకాలం అందులో ఒక్క రక్తనాళం కూడా ఉండదు. ఉంటే వెలుతురు సరిగా లోపలికి పోదు. దానికి కావలసిన ఆక్సిజన్ గాలి నుంచి, పోషణ కంటి నీటి నుంచి వస్తాయి. కార్నియా చుట్టూ, తెల్లగుడ్డుతో కలిసే అంచు మీద మాత్రం సన్నటి కేశనాళికల వలయం ఒకటి ఉంటుంది. హార్వర్డ్‌లో ఓ.ఎ. బెస్సీ, ఎస్.బి. వోల్‌బాక్ రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, లేని మేత ఎలుకలకు పెట్టి ఆ అంచును కనిపెట్టుకుని కూర్చున్నారు. వారాలు గడిచేకొద్దీ వలయం నుంచి మొలకలు లేచి, ఒకదానితో ఒకటి కలిసి, కార్నియా మధ్యకు పాకాయి. రైబోఫ్లేవిన్ తిరిగి ఇవ్వగానే వాటిలో నెత్తురు పారడం తగ్గింది. 1939లో ఈ సంగతి అచ్చయింది.

మరుసటేడే అమెరికా దక్షిణాన వి.పి. సైడెన్‌స్ట్రికర్ తదితరులు మనుషుల కళ్లలోనూ అదే కనిపిస్తోందని రాశారు. పెదవుల మూలలు పగిలి, నాలుక ఎర్రబడి తిరిగే జనం దక్షిణ భారతంలో కొల్లలు. ఎక్రాయిడ్ ఆ పుళ్ల గురించి అంతకు ముందే రాశాడు. ఇంకేం, స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష పరికరం పెట్టి కార్నియా అంచు చూస్తే చాలు, బి2 లోపం ఇట్టే తేలుతుందనుకున్నారు చాలామంది.

అంత సులువుగా తేలలేదు. ఎలుకకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తక్కువైనా, జింక్ తక్కువైనా కార్నియాలో నాళాలు మొలుస్తాయి. దెబ్బ తగిలినా, పుండు పడినా మొలుస్తాయి. మనుషుల్లో ఎండ, దుమ్ము, ట్రకోమా కూడా అదే గుర్తు వదులుతాయి. పొగా, ధూళీ మధ్య పొలంలో బతికే మనిషి కంటి ఎరుపును ఒక్క విటమిన్ ఖాతాలో వెయ్యడం ఎవరి తరం? దాంతో చూపు కంటి నుంచి నెత్తురు మీదికి మళ్లింది. 1960ల చివర్లో ఎన్ఐఎన్‌లో మహతాబ్ బాంజీ ఎర్రకణాల్లోని గ్లూటాథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను కొలిచి రైబోఫ్లేవిన్ స్థితి చెప్పే పరీక్షను రుజువు చేశారు. కంటి పరీక్ష పోయి రక్త పరీక్ష వచ్చింది.

రక్త పరీక్ష వచ్చేసరికి ఎలుకకు ఇంకో తిప్పలు. పరీక్షకు నెత్తురు కావాలి, ఎలుక ఒంట్లో ఉండేదే కొంచెం. కిలో బరువుకు దాదాపు 64 మిల్లీలీటర్ల లెక్కన 200 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తం 13 మిల్లీలీటర్లు. పాతిక గ్రాముల చిట్టెలుకలో రెండు మిల్లీలీటర్లు కూడా ఉండదు. ఒకసారికి అందులో పదో వంతుకు మించి తియ్యకూడదన్నది నేటి నియమం. తోక నరం సన్నం, చుక్క చుక్కగా వస్తుంది. గుండెలోకి సూది దింపితే కావలసినంత వస్తుంది, కానీ జీవి చనిపోవచ్చు. అదే ఎలుకను వారం తర్వాత మళ్లీ చూడాలంటే ఎలా?

ఇక్కడే కంటి వెనకభాగం రంగంలోకి వచ్చింది. 1913లోనే ఫ్రాన్స్‌లో ఎ. పెటిట్ ఈ చోటును సూచించాడు. 1951లో హాల్‌పెర్న్, పకో దీన్ని పద్ధతిగా రాశారు. 1954లో సైన్స్ పత్రికలో ఎస్.హెచ్. స్టోన్ రాసిన చిన్న వ్యాసం ఇంగ్లిషు చదివే ల్యాబులన్నిటికీ దాన్ని చేరవేసింది. 1960లో వెర్నన్ రైలీ వైరస్ సోకిన చిట్టెలుకల్లో ఒక ఎంజైమ్ రోజురోజుకూ ఎలా పెరుగుతుందో చూడటానికి ఒకే జీవి నుంచి వరసగా నెత్తురు తీస్తూ ఈ కిటుకును ఇంకా సులువు చేశాడు. మన ఫార్మసీ కాలేజీల యానిమల్ హౌసుల దాకా పాకింది ఈ పద్ధతే. వాడుకలో దాని పేరు ఐ బ్లీడింగ్, కాస్త పద్ధతిగా మాట్లాడేవాళ్లకు రెట్రో-ఆర్బిటల్.

పని చూడ్డానికి క్షణాల్లో అయిపోతుంది. ఈథర్‌తోనో మరో మందుతోనో స్పృహ తప్పించిన ఎలుకను బల్లమీద పక్కకు పడుకోబెడతారు. మెడ దగ్గర చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య బిగించి వెనక్కి లాగితే కనుగుడ్డు కాస్త ముందుకు ఉబుకుతుంది. సన్నటి గాజు క్యాపిలరీని ముక్కువైపు కంటి మూలలో పెట్టి, గుడ్డు పక్కనుంచి వెనక్కి, వేళ్ల మధ్య తిప్పుతూ దింపుతారు. గాజు అంచు ఒక పలచటి పొరను చీల్చగానే గొట్టంలోకి నెత్తురు తనంతట తాను ఎక్కుతుంది. కావలసినంత రాగానే పట్టు వదిలి, రెప్ప మూసి, గాజుగుడ్డతో కాసేపు అదిమి పెడతారు. చెయ్యి తిరిగిన టెక్నీషియన్‌కు నిమిషం పట్టదు. కొత్తవాడి చేతిలో అదే గాజు కనుగుడ్డును గీరుతుంది, లేదా కంటి గూటి సన్నటి ఎముకను విరుస్తుంది.

విచిత్రమేమంటే, లోకమంతా ఇలా నెత్తురు తీస్తున్న రోజుల్లో ఆ చోట అసలు ఏముందో చాలామంది సరిగా చూసుకోలేదు. అందరూ సైనస్ అన్నారు, అంటే సిరలన్నీ వచ్చి కలిసే విశాలమైన రక్తపు సంచి. 1979లో కె.ఐ. టిమ్ ఎలుక కంటి గూటి సిరల నిర్మాణాన్ని విడిగా ప్రచురించారు. చిట్టెలుకలో ఉన్నది సైనసే, గాజు ఎక్కడ తగిలినా నెత్తురొస్తుంది. పెద్ద ఎలుకలో మాత్రం అక్కడ సంచి లేదు, విడివిడి సిరలు అల్లుకున్న వల, అంటే ప్లెక్సస్ ఉంది. ఆ వలలో ఏ సిర తెగిందన్న దాన్ని బట్టి నెత్తురు రావడం, ఆగడం మారుతుంది. కంటి వెనక గడ్డకట్టి గుడ్డును ముందుకు తొయ్యడమూ జరుగుతుంది. 1989లో అదే టిమ్ జెర్బిల్, హామ్‌స్టర్, ఎలుక, చిట్టెలుకలను పక్కపక్కన పెట్టి తేడాలు రాశారు. పెటిట్ చూపిన 1913 నుంచి లెక్కేస్తే, చేతులు అరవై ఆరేళ్లు పనిచేశాక గానీ పటం రాలేదు. ప్రయోగశాలల చరిత్రలో ఇలాంటివి కొత్త కాదు గానీ, ఈ ఆలస్యానికి వెల చెల్లించింది ఎలుక.

ఆ గూట్లోనే ఇంకొకటుంది. ఎలుక కనుగుడ్డు వెనక హార్డేరియన్ అనే పెద్ద గ్రంథి ఉంటుంది. అందులోంచి పార్ఫిరిన్ అనే పదార్థంతో కలిసిన ఎర్రటి ద్రవం ఊరుతుంది. ఎలుక భయపడినా, జబ్బు పడినా, సరిగా ఒళ్లు శుభ్రం చేసుకోలేకపోయినా ఆ ద్రవం కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా ఎండి కనిపిస్తుంది. యానిమల్ హౌస్‌లో కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి నెత్తురని కంగారుపడటం మామూలే. అతినీలలోహిత దీపం కింద అది గులాబీ రంగులో మెరుస్తుంది, నెత్తురు మెరవదు. అనుభవమున్నవాళ్లకు ఆ ఎర్రకన్నీళ్లే ఎలుక బాగోలేదనడానికి గుర్తు.

1990లలో నెదర్లాండ్స్ పరిశోధకులు నెత్తురు తీసిన ఎలుకల కంటి గూళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, లోపలి కణజాలానికీ గ్రంథికీ గాయాలవుతున్నాయని చూపించారు. బ్రిటన్‌లో పశువైద్యుల, జంతు సంక్షేమ సంస్థల ఉమ్మడి బృందం 1993లో ఇంకో మెట్టు ముందుకెళ్లింది. కంటి వెనక నుంచి నెత్తురు తియ్యాలంటే పూర్తి మత్తులో, ఎలుక మళ్లీ లేవని ప్రయోగాల్లోనే తియ్యాలని చెప్పింది. 2005లో చిట్టెలుక దవడ పక్క సిరను చిన్న లాన్సెట్‌తో గుచ్చే పద్ధతి అచ్చయింది. కంటికి దూరంగా నెత్తురు దొరుకుతుందని తేలాక పాత గాజు గొట్టానికి కారణాలు తగ్గిపోయాయి.

ఇక కంటి అడుగు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్‌ను ప్రకటించేదాకా బతికున్న కంటి లోపలి గోడను స్పష్టంగా చూసినవాళ్లు దాదాపు లేరు. 1901లో జార్జ్ లిండ్సే జాన్సన్ లండన్‌లో ఎన్నో రకాల క్షీరదాల కళ్లలోకి ఆ పరికరంతో చూసి, ఎ.డబ్ల్యూ. హెడ్ అనే చిత్రకారుడి చేత రంగుల్లో గీయించి రాయల్ సొసైటీ గ్రంథంలో అచ్చువేయించాడు. అవి చూస్తే ఆ లోపలి గోడ, అంటే రెటీనా, ఒక్కో జీవికి ఒక్కో రకం. ఎలుకలో రక్తనాళాలు నడిమధ్య నరం మచ్చ దగ్గర మొదలై బండి చక్రం ఆకుల్లా అన్ని వైపులకూ సాగుతాయి. గొర్రె, ఆవు, కుక్క, మనిషి కూడా రెటీనా నిండా నాళాలున్నవాళ్లే. కుందేలులో మాత్రం అవి ఆ మచ్చకు అటూ ఇటూ అడ్డంగా రెండు పట్టీల్లోనే ఉంటాయి, మిగతా రెటీనా అంతా ఖాళీ. గినీపందిలో మచ్చ దగ్గర కాసింత తప్ప దాదాపు ఏమీ ఉండవు. వెనక కొరాయిడ్ పొర పంపే ఆక్సిజన్ మీదే దాని చూపు బతుకుతుంది.

ఈ తేడా తెలియకపోతే ప్రయోగమే తప్పుతుంది. కళ్లలోకి మందు చుక్కలు వేసి చూడటానికి కుందేలు సాధువు, పెద్ద కన్నుది, పని సులువు. అదే కుందేలు రెటీనాలో మధుమేహం నాళాల్ని ఎలా పాడుచేస్తుందో చూద్దామనుకుంటే, చూడ్డానికి నాళాలున్న చోటే కాస్త. కార్నియా విషయంలో మాత్రం ఆ ఖాళీయే పనికొచ్చింది. 1970లలో అమెరికాలో జూడా ఫోక్‌మన్ బృందం కుందేలు కార్నియాలో చిన్న గూడు చేసి కణితి ముక్కను పెట్టింది. అంచు నుంచి నాళాలు దాని వైపు మొలిచి రావడం కళ్లారా కనిపించింది. కణితులు తమకు కావలసిన రక్తనాళాల్ని తామే పిలిపించుకుంటాయన్న వాదానికి ఆ శూన్యమైన పొర సాక్ష్యమైంది.

లండన్‌లో నార్మన్ ఆష్టన్ 1950లలో పిల్లికూనల్ని ఎంచుకోవడానికి కారణమూ ఇలాంటిదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని ఆక్సిజన్ పెట్టెల్లో పెడితే కొందరి చూపు పోతోందని అప్పట్లో ఆందోళన. మనిషి బిడ్డ రెటీనాలో నాళాలు అంచుల దాకా చేరడం దాదాపు నెలలు నిండే దాకా సాగుతుంది. పిల్లికూనకు, చిట్టెలుకకు అది పుట్టాక జరుగుతుంది. ఆష్టన్ కూనలకు ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చి, ఎదుగుతున్న లేత నాళాలు మూసుకుపోవడం, మామూలు గాలిలోకి తెచ్చాక అవే అడ్డదిడ్డంగా పెరగడం చూపించాడు. నేడు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థతో సహా కంటి ఆసుపత్రుల వైద్యులు ఇంక్యుబేటర్ పక్కన నిలబడి పసికందు రెటీనా అంచును వెతికేది అందుకే.

హైదరాబాద్ ఎలుకల వంతు 2000లలో వచ్చింది. ఎన్ఐఎన్‌లో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం స్ట్రెప్టోజోటోసిన్ మందుతో ఎలుకలకు మధుమేహం తెప్పించి, మేతలో పసుపు కలిపి పెట్టింది. 2005లో ప్రచురించిన పనిలో నూటికి అర వంతు పసుపు తిన్న ఎలుకల్లో శుక్లం ఆలస్యమైంది. రక్తంలో చక్కెర మాత్రం తగ్గలేదు. 2007లో వాళ్లే రెటీనాలోకి వెళ్లారు. చక్కెర పెరిగినప్పుడు రెటీనాలో కొత్త నాళాల్ని మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఎక్కువవుతుంది. పసుపూ, అందులోని కర్‌క్యుమినూ తిన్న ఎలుకల్లో ఆ పెరుగుదలకు అడ్డుకట్ట పడింది. పసుపు కడప జిల్లా పంటే. మైదుకూరు చుట్టుపక్కల పొలాల్లో దుంపలు తవ్వే రోజుల్లో ఆ వాసన రోడ్డు మీదికి వస్తుంది. అయినా పసుపు కొమ్ములో కర్‌క్యుమిన్ నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే. పేగులు దాన్ని అంత తేలిగ్గా పీల్చుకోవు. ఎలుకలో తేలిన మాటను షుగర్ ఉన్న మనిషి మాత్రలు మానేసి పసుపు పాలు తాగడానికి ఆధారంగా వాడుకోకూడదు.

అదే ఎన్ఐఎన్ సంతతిలో 1990లలో ఒక వింత ఎలుక పుట్టింది. తిని తిని బంతిలా ఊరిన ఆ లావు జాతికి డబ్ల్యూనిన్/ఓబి అని పేరు. వయసు వచ్చేకొద్దీ దాని రెటీనా కణాలు క్షీణిస్తున్నట్టు తర్వాత కనిపెట్టారు. తొలి ఎలుకల్ని కూనూరులో దింపినవాళ్లు ఊహించని ఉపయోగమది.

ఈ లోపు చట్టం కూడా యానిమల్ హౌస్ గడప తొక్కింది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ప్రయోగాల మీద నిఘాకు ఒక కమిటీ ఉండాలని రాసి ఉన్నా, దానికి నిజమైన కోరలు వచ్చింది 1998 నిబంధనలతో. ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉండాలి. అందులో ఒక పశువైద్యుడు, సైన్సుతో సంబంధం లేని ఒక సామాజిక సభ్యుడు ఉండాలి. ప్రయోగం చేసేవాళ్లు ఫారం బి నింపి ఏ జీవి, ఎన్ని, నెత్తురు ఎక్కడ నుంచి, ఎంత, మత్తు ఏమిటి అన్నీ ముందే చెప్పాలి. అంతకు ముందు టెక్నీషియన్ చేతికే వదిలేసిన సంగతి కాగితం మీదికి ఎక్కింది. ఆ కాగితాన్ని కొందరు శ్రద్ధగా నింపుతారు, కొందరు పాత ఫైలు చూసి కాపీ కొడతారు.

తరగతి గదిలో మార్పు ఇంకా పెద్దది. 2011లో యూజీసీ కాలేజీల్లో జంతువుల కోత తగ్గించమంది, 2014లో ఇంకాస్త గట్టిగా చెప్పింది. బి.ఫార్మసీ ప్రాక్టికల్స్‌లో కుందేలు కంట్లో అట్రోపిన్, పైలోకార్పిన్ చుక్కలు వేసి కనుపాప పెద్దదవడం, చిన్నదవడం స్కేలు పెట్టి కొలిచే ప్రయోగం ఒకప్పుడు తప్పనిసరి. ఇప్పుడు దాన్ని పుదుచ్చేరి జిప్‌మర్‌లో ఆర్. రవీంద్రన్ తయారుచేసిన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. మౌస్ నొక్కితే తెరమీది కుందేలు కన్ను తెరుచుకుంటుంది, చుక్క పడుతుంది, పాప మారుతుంది, విద్యార్థి కొలత రికార్డులో రాసుకుంటాడు.